సర్వర్ ఫైలులో మొదటి తాంబూలం

తెలుగులో నాలుగు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో ముందే చెప్పేస్తే మంచిది. నాకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మా పుట్టిల్లు తమిళ నేలలో, ఏరియూరు దగ్గర. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు, ఉద్యోగంలో కంప్యూటర్‌కు ఏది అర్థమైతే అది. పెళ్ళయిన కొత్తలో మా అమ్మకు ఉత్తరం రాయాలంటే తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో పెట్టి రాసేదాన్ని. అమ్మకు ఏ చదువూ రాదు కాబట్టి పక్కింటి తమిళావిడ చదివి వినిపించేది. చదివే ఆవిడకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు, వినే అమ్మకు అంతా అర్థమయ్యేది. ఇంటి గుట్టు అంత భద్రంగా ఇంకే ఏర్పాటులోనూ దాగదు.

పదవీ విరమణ తర్వాత, ధర్మపురిలో మా వీధి చివర ఉండే టీచరమ్మ దగ్గర పలక పట్టాను. ఆమె హోసూరు వైపు తెలుగు బడుల్లో పనిచేసి వచ్చింది. వత్తులు కుదురుకున్నాక, ఇక ఏదైనా సొంతంగా రాయమంది. ఏం రాయను అంటే, "మాకెవరికీ అర్థం కాని ఉద్యోగం ఇన్నేళ్ళు చేశారు గదా, అదేందో రాయండి" అంది. అందుకే ఇది.

విరమణకు ఇంకా కొన్నేళ్ళు ఉందనగా, తమిళుల వైగాసి నెలలో, అంటే మామిడికాయల కాలం నడిమధ్యన, కంబైనల్లూరు దారిలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నన్ను పంపారు. ఫ్యాక్టరీల సర్వర్లను కనిపెట్టుకొని ఉండే ఒక కంపెనీలో నేను సీనియర్ సిస్టమ్స్ ఇంజినీర్‌ని. మా పనిలో అంతస్తులు ఇలా ఉంటాయి: ఫిర్యాదు వస్తే మొదట జూనియర్ ఫోన్లో మాట్లాడతాడు. అతని వల్ల కాకపోతే ఇంకో జూనియర్ మాట్లాడతాడు. ఇద్దరి వల్లా కాకపోతే సీనియర్ బస్సెక్కుతుంది. నా చేతికిచ్చిన కాగితంలో ఒకటే వాక్యం ఉంది: ల్యాబ్ రిపోర్టులు సర్వర్‌లోంచి మాయమవుతున్నాయి, కారణం కనుక్కొని సరిచేయవలెను.

ఆ ఫ్యాక్టరీ ముగ్గురు అన్నదమ్ములది. తరతరాలుగా ఆ నేలలోనే ఉన్న తెలుగు రైతు కుటుంబం. పెద్దాయన మునిరత్నం. తోటలు, కాయ కొనుగోలు, లారీలు తూచే వెయ్‌బ్రిడ్జి ఆయన చేతిలో. నడిపాయన గోవిందరాజు. గుజ్జు తీసే యంత్రాలన్నీ ఆయనవి. చిన్నాయన శ్రీనివాసన్, ఇంట్లో శీనప్ప. డబ్బాలకెత్తి ఓడకెక్కించే పని అతనిది. ల్యాబ్ చూసేది శీనప్ప భార్య రేణుక. ఆహార పరీక్షల చదువు చదివి వచ్చిన మనిషి. వీళ్ళందరికీ పైన అన్నదమ్ముల తల్లి ఎల్లమ్మ. ఊరంతా ఆమెను అవ్వ అనేది. ఆమె కింద ఉన్న శాఖ వంటశాల ఒక్కటే.

నేను నోరు తెరవగానే పెద్దాయన యాస పట్టేశారు. "మనోళ్ళేనా? ఏ ఊరుమ్మా, ఎవురింటి పిల్లవు?" అన్నారు. ఏరియూరు అన్నాను. కాఫీ వచ్చేలోగా ఆయన నన్ను చెల్లెలిని చేశారు. కాసేపటికి నడిపాయన తన అత్తగారి వైపు నుంచి లెక్కతీసి వదినను చేశారు. ఆ రెండు వరుసలూ ఒకదానికొకటి పొసగవు. అయినా వాళ్ళిద్దరికీ మాటలు లేవు కాబట్టి ఇబ్బంది రాలేదు.

మాటలు పోవడానికి కారణం ఒక తాంబూలం. ఏటా ఇంటిదేవత తిరునాళ్ళలో మొదటి తాంబూలం ఇంటి పెద్దకివ్వాలి. కిందటేడు ఆ వేళకు పెద్దాయన తీర్థమలై వైపు కాయల లారీ దిగబడిపోయి అక్కడే ఇరుక్కున్నారు. పూజారి చూసి చూసి పళ్ళెం నడిపాయన చేతిలో పెట్టాడు. పెద్దాయన చెమటతో వచ్చి, "నేనేమన్నా చచ్చినానా?" అని అడిగారు. నడిపాయన, "వేళకు రాలేదు గదా" అన్నారు. అంతే. ఇద్దరినీ చూసి నవ్వినందుకు శీనప్పతో ఇద్దరూ మాటలు మానేశారు. ఆనాటి నుంచి ఫ్యాక్టరీ పనులన్నీ, ఏ కాయ ఎప్పుడు యంత్రానికెక్కాలన్నది సహా, అవ్వ మీదుగా నడిచేవి.

రేణుక నన్ను ల్యాబుకు తీసుకుపోయింది. ప్రతి విడత గుజ్జునూ అక్కడ పరీక్షిస్తారు: పులుపు ఎంత, తీపి ఎంత, పురుగుమందుల అవశేషం ఉందా. పరీక్ష యంత్రం నుంచి రిపోర్టు నేరుగా సర్వర్‌కు పోతుంది. కాగితం మీద అచ్చు తీయడం పెద్దాయన మాన్పించారు, చెదలకు మేత ఎందుకని. కిందటేడువి ఒక్కటీ మిగలలేదు. ఈ ఏడువి ఇంకా ఉన్నాయి. మరుసటి రోజు పొద్దున కొనుగోలుదారు తరఫున ఆడిటర్ వస్తున్నాడు. ఈ కాలంలో మొట్టమొదట తీసిన విడతల గుజ్జు అప్పటికే ఓడలో ఉంది. ఆయన అడగబోయేది సరిగ్గా ఆ విడతల రిపోర్టులే. సర్వర్ తన గడియారం ముద్ర వేసి దాచిన అసలే చూస్తాడు. పెన్‌డ్రైవ్‌లోకి తీసిన నకలును ముట్టడు.

"రిపోర్టు లేదంటే ల్యాబ్ సర్టిఫికేట్ పోతుందక్కా," అంది రేణుక. "పరీక్షలన్నీ బయట ఊరికి పంపుతారు. ల్యాబ్ మూసేస్తారు. ఇంగ నాకు ఈ ఇంట్లో మిగిలేది అవ్వ పక్కన గరిటె. అవ్వ మంచిదే. గరిటె కూడా మంచిదే. కానీ నేను దానికి చదవలేదు."

పోయేది ఏదో ఆమె స్పష్టంగా చెప్పింది. నేను సర్వర్ ముందు కూర్చున్నాను.

ఇక్కడ పని గురించి కాస్త చెప్పాలి. ఫ్యాక్టరీలో ఎన్నో శాఖల ఫైళ్ళు ఒకే డిస్కుల గుంపులోకి వచ్చి పడతాయి. వాటికి చోటు పంచేది స్టోరేజ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. గాదె మీద కూర్చున్న మేస్త్రీ లాంటిది అది. గాదె నిండే వేళకు పాత మూటలు బయట పారేసి కొత్తవాటికి చోటు చేస్తుంది. ఏ మేరకు నిండితే పారేయాలి, ఏ గంటకు పారేయాలి, ఎవరి మూటలు ముట్టకూడదు అన్న ఆజ్ఞలు ప్రాపర్టీ ఫైలులో రాసి ఉంటాయి. పేరు గంభీరంగా ఉంటుంది గానీ అది మామూలు రాతఫైలు. వరుసకొక ఆజ్ఞ. ఎడమన ఆజ్ఞ పేరు, మధ్యలో సమాన గుర్తు, కుడిన దాని విలువ. సాఫ్ట్‌వేర్ నిద్ర లేచేటప్పుడు ఒక్కసారి దాన్ని పైనుంచి కిందికి చదువుకుంటుంది. మళ్ళీ నిద్ర లేపేదాకా ఇంకోసారి చూడదు.

ఫైలు తెరిచే ముందు అలవాటు ప్రకారం డిస్కులు చూశాను. వెయ్‌బ్రిడ్జి ఫోటోలు పాతవి పోయాయి. యంత్రాల చిట్టాలు పోయాయి. ఓడ పత్రాలు పోయాయి. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు నుంచి ఒక్క ఫైలు కూడా పోనిది ఒకే ఒక్క శాఖ: గేటు కెమెరా. తెరిచి చూస్తే గేటు ముందు ఎర్రకుక్క ఒకటి పడుకుని ఉంది. పోయిన నెలలో పడుకుని ఉంది. పోయినేడు పడుకుని ఉంది. మధ్యలో రెండుసార్లు పిల్లల్ని పెట్టి, మళ్ళీ పడుకుంది.

రేణుక నా భుజం మీదుగా చూసి, "నా రిపోర్టులన్నీ పోయినాయి, దీని కాన్పులు మాత్రం భద్రంగా ఉండాయే!" అంది.

అప్పుడు ప్రాపర్టీ ఫైలు తెరిచాను. ప్రొటెక్టెడ్ పూల్ అనే ఆజ్ఞ ఒకటుంది. దాని ఎదురుగా ఎవరి పేరు రాస్తే వాళ్ళ ఫైళ్ళను సాఫ్ట్‌వేర్ ముట్టదు. ఒక్క పేరే రాయాలి. ఇక్కడ ఫైలు నెత్తిన అదే ఆజ్ఞ వరుసల మీద వరుసలుగా ఉంది. వెయ్‌బ్రిడ్జి. దాని కింద యంత్రాలు. దాని కింద మళ్ళీ వెయ్‌బ్రిడ్జి. కింద ఓడ పత్రాలు. కింద మళ్ళీ యంత్రాలు. సంగతి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు మొదటి రోజు, ఇక్కడ పేరున్నవాళ్ళకే మొదటి హక్కు అని చెప్పి పోయాడట. ఆ తర్వాత అన్నదమ్ములు ఒకరికి తెలియకుండా ఒకరు ఆ అమ్మినవాడి సపోర్టుకు ఫోన్ చేసి, తన శాఖ పేరు అన్నిటికంటే పైన పెట్టమన్నారు. సపోర్టువాళ్ళు కిందివి చెరపకుండా, అడిగినప్పుడల్లా పైన ఒక వరుస చేర్చుకుంటూ పోయారు.

కానీ ఒకే ఆజ్ఞ పలుసార్లు కనబడితే ఈ రకం సాఫ్ట్‌వేర్ గొడవ చేయదు, కోప్పడదు. చదివిన ప్రతిసారీ ముందుది మరిచిపోతుంది. చివర చదివిందే దానికి ఆజ్ఞ. ఫైలు అట్టడుగుకు పోయి చూశాను. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు, పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఎవరో రాసి వదిలేసిన వరుస అక్కడుంది. ప్రొటెక్టెడ్ పూల్, సమాన గుర్తు, గేటు కెమెరా. ముగ్గురు అన్నదమ్ములు నెత్తిన కూర్చోవడానికి కొట్లాడుతుంటే, మొదటి తాంబూలం ఇన్నాళ్ళూ ఎర్రకుక్కకు ముడుతోంది.

పాతవి పారేసే ఈ ఏరివేత రోజూ సాయంత్రం ఆరుకు. డిస్కు అప్పటికే పారేయాల్సిన గీత దాకా నిండింది. ఆ రోజు ఆరింటికి పోబోయే వాటిలో ముందు వరసలో ఉన్నవి ఈ కాలపు మొదటి విడతల రిపోర్టులే.

ఏరివేత ఆపేస్తే పోదా అని మీరు అడగవచ్చు. ఆపితే గంటలో డిస్కు నిండిపోతుంది, వెయ్‌బ్రిడ్జి రాసుకోలేక ఆగిపోతుంది, కాయల లారీలు రోడ్డు దాకా ఎండలో నిలబడతాయి. ఉన్న దారి ఒకటే: అడుగు వరుసలో గేటు కెమెరా తీసి ల్యాబ్ అని రాయడం. ఆ ఒక్క మాట మార్చడానికి నాకు రెండు నిమిషాలు చాలు. కానీ మార్పు పత్రం మీద యజమాని సంతకం లేకుండా ప్రాపర్టీ ఫైలులో అక్షరం ముట్టకూడదని మా కంపెనీ నియమం, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకు ఆ పట్టింపు లేదు. అది భాగస్వామ్య సంస్థ. యజమాని అంటే ముగ్గురూ. సంతకాలు మూడు.

పెద్దాయన గదికి పోయాను. "చెల్లీ, నువ్వు ఎక్కడ చెప్తే అక్కడ పెడతా. వాళ్ళిద్దరూ ముందు పెట్టనీ," అన్నారు. నడిపాయన, "వదినా, ముందు పెద్దాయన పెట్టనీ. ఇంటి పెద్ద గదా, అన్నిటికీ మొదలు తానే అంటాడు" అన్నారు. శీనప్ప, "మేడం, వాళ్ళిద్దరూ పెడితే నాదేముంది" అన్నాడు. పత్రం మూడు గదులూ తిరిగి తెల్లగానే నా చేతికి వచ్చింది.

ఇంతలో భోజనాల వేళయింది. కాయల కాలంలో సరుకు తెచ్చిన రైతులకు, పనివాళ్ళకు అక్కడే భోజనం. పెద్ద రేకుల కొట్టంలో ఆకులు వేసి బంతులుగా కూర్చోబెడతారు. మొదటి బంతిలో రైతులు, వాళ్ళతోపాటు ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురూ మూడు మూలల్లో. ఇద్దరికి రెండు రకాల చుట్టాన్ని కాబట్టి నన్నూ మొదటి బంతిలోనే కూర్చోబెట్టారు. అవ్వా, రేణుకా, వంటవాళ్ళూ వడ్డిస్తున్నారు. ముగ్గురూ ఒక కప్పు కింద దొరికే వేళ రోజులో అదొక్కటే అని రేణుక ముందే నా చెవిలో వేసింది.

రసం అన్నం దగ్గర నేను అవ్వను పిలిచి, అందరికీ వినబడేట్టు చెప్పాను. ఫైలులో పైన పేర్లున్నవాళ్ళకు ఏ హక్కూ రావడం లేదు, యంత్రం అడుగు వరుసనే పాటిస్తుంది, ఇన్నాళ్ళూ ఆ హక్కు గేటు కెమెరాకు పోయింది, అక్కడ ల్యాబ్ పేరు పెట్టకపోతే ఈ సాయంత్రానికి రిపోర్టులు పోతాయి, రేపు ఆడిటర్ వచ్చి ల్యాబ్ మూయిస్తాడు.

అవ్వ మజ్జిగ చెంబు అందుకుని బంతిలోకి వచ్చింది.

"అమ్మా," అన్నారు పెద్దాయన ఆకులో చూస్తూ, "అట్లయితే నా పేరు అడుగున పెట్టమని చెల్లెలికి చెప్పు."

"అమ్మా," అన్నారు నడిపాయన ఇంకో మూల నుంచి, "పైవరుస కావల్లని పోట్లాడినాయన ఆయన. పైనే ఉండమను. అడుగున నాది."

"అమ్మా, ఇద్దరూ పైన బాగుండారు," అన్నాడు శీనప్ప. "కింద నేను చూసుకుంటా."

నేను మళ్ళీ ఆడిటర్ మాట ఎత్తాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "ల్యాబంటే శీనప్ప పెండ్లాముది. అంటే శీనప్పది. మేము ముందు వాకిట్లో కొట్లాడతా ఉంటే వాడు పెరటి దోవలో వచ్చి కూర్చుంటాడా?" అని అవ్వను అడిగారు. నడిపాయన ఏడాది తర్వాత మొదటిసారి అన్న మాటకు తల ఊపారు. ఊపినట్టు తెలిసిపోతుందేమోనని మెడ సర్దుకున్నారు.

అవ్వ మజ్జిగ చెంబు కింద పెట్టింది. "పెండ్లి పత్రిక చూసినారా ఎప్పుడన్నా? పైనంతా తాతలు, పెదనాయనలు, మేనమామలు. పైన పేరుండే వాళ్ళకా పెండ్లి? మీకు పైపేరు కావల్లంటిరి, ఉండాది. ఇప్పుడు అడుగు వరుస కూడా కావల్లా? సరి. ఇదో, కడబంతి వేస్తా ఉండాము. నాకు, కోడండ్లకు, వంటోళ్ళకు. వచ్చి మా పక్కన కూర్చోండి. తిన్నాక ఎంగిలాకులు ఎత్తల్ల. గుండిగలు తోమల్ల. మా ఇంట్లో కడబంతికి ఉండే మరియాద అదే."

రైతులు నవ్వారు. పెద్దాయన చేయి కడుక్కోవడానికి లేచారు. నడిపాయనకు అన్నం ఉన్నట్టుండి రుచించింది, తల ఎత్తలేదు. కథ అక్కడితో తేలిపోతుందనుకున్నాను.

శీనప్ప లేచి ప్యాంటు మడిచాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒగటే అంటారు. వడ్డించేది నా పెండ్లామే గదా, నాకేం సిగ్గు?" అని, బంతి ఆ చివర నుంచి ఎంగిలాకులు మడిచి గంపలో వేయడం మొదలుపెట్టాడు.

అతను ఆ పని సరదాకు చేయలేదు. నాలుగు ఆకులు ఎత్తితే అడుగు వరుస హక్కు తనదవుతుందని లెక్క వేసుకున్నాడు. రేణుక ముఖం చూశాను. గరిటె గట్టిగా పట్టుకుని ఉంది. అడుగున ఓడ పత్రాలు కూర్చున్నా ఆమె రిపోర్టులు పోవడం ఖాయం.

కంబైనల్లూరు నుంచి కాయ తెచ్చిన ముసలి రైతు ఒకాయన, తన ఆకు ఎత్తుతున్నవాణ్ణి పైకీ కిందికీ చూశాడు. "ఏమప్పా, ఈ ఏడు మామిడి బాగలేదంటే నమ్మలేదు. ఓనరు ఆకులెత్తేదాకా వచ్చిందా?" అన్నాడు. ఇంకొకాయన, "నా కాయకు దుడ్డు ఈపొద్దే ఇచ్చేయమను" అన్నాడు. కొట్టం గొల్లుమంది. శీనప్ప చలించలేదు. ఆకు తర్వాత ఆకు ఎత్తుకుంటూ నడిపాయన దగ్గరికి వచ్చాడు. ఆయన రెండు చేతులతో తన ఆకు పట్టుకొని, "అమ్మా, నా ఆకు ముట్టొద్దని చెప్పు వానికి!" అని కేక పెట్టారు.

అప్పుడు చేతులు కడుక్కుని తిరిగి వస్తున్న పెద్దాయన ఇది చూశారు. ఇంటి మగవాడు ఊరి ముందర ఎంగిలి గంప మోయడం. ఆయన అవ్వను పిలవడం మరిచిపోయారు.

"రేయ్ శీనా! దించరా గంప! ఊరంతా చూస్తా ఉండాది!"

ఏడాదిగా ఆ ఇద్దరి మధ్య నేరుగా పలికిన మొదటి మాట అది. శీనప్ప గంప నడుముకు ఆనించుకుని, "అడుగు వరుస నాదంటే దించుతా" అన్నాడు.

"నీది గాదు, నాది గాదు, వానిది గాదు! కడబంతి ఎప్పుడూ కోడలిదే. రేణుకది. ఇంగ దించు! చెల్లీ, యాడుండాది ఆ కాగితం?"

పత్రం నా ఒడిలోనే ఉంది. పెద్దాయన తడిచేత్తోనే సంతకం చేశారు. నడిపాయన ఆ సంతకం కింద తనది పెట్టనన్నారు. పక్కన చోటు చూపించాను, పక్కన పెట్టారు. శీనప్ప గంప దించి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, మిగిలిన మూలలో పెట్టాడు. భార్య పేరు అడుగున పడడం అతనికి నష్టమేమీ కాదు. నిజానికి ఆకులెత్తకుండానే, అడుగున రేణుక పేరు పెట్టమని అతనే అని ఉండవచ్చు. కానీ ఆకులెత్తకపోతే పెద్దాయన నోరు తెరిచేవారు కాదు. అతను అది అనుకొని చేశాడా, అత్యాశతో చేశాడా అన్నది రేణుకకే తెలియలేదట.

ఇంకొక చిక్కు మిగిలింది. పైనున్న వరుసలన్నీ చెరిపేయాలి, లేకపోతే రేపు ఇంకో ఇంజినీర్ తికమక పడతాడు. చెరుపుతాననగానే ముగ్గురి ముఖాలూ మారాయి. ప్రాపర్టీ ఫైలులో ఒక సౌకర్యం ఉంది. వరుస మొదట్లో అడ్డనిలువు గీతల గుర్తు ఒకటి పెడితే, యంత్రం ఆ వరుసను చదవకుండా దాటిపోతుంది. పనివాళ్ళు ఒకరికొకరు మాట రాసుకోవడానికి అది. ఆ గుర్తు పెట్టి ముగ్గురి పేర్లూ నెత్తిన రాస్తానన్నాను. మోసం ఎందుకని, యంత్రం వాటిని చదవదని కూడా చెప్పాను.

"యంత్రం చదవకపోతే పోనీమ్మా," అన్నారు పెద్దాయన. "మనుషులు చదువుతారు గదా?"

పాత వరుసలు చెరిపి, ఆ గుర్తు పెట్టి వయసు ప్రకారం మూడు పేర్లూ రాశాను. అడుగున ప్రొటెక్టెడ్ పూల్ ఎదురుగా ల్యాబ్ అని రాశాను. ఫైలు మారిస్తే సరిపోదు, సాఫ్ట్‌వేర్‌ను నిద్రపుచ్చి మళ్ళీ లేపాలి. ఆ కొద్దిసేపూ వెయ్‌బ్రిడ్జి ఆగింది. గేటు నుంచి రోడ్డు దాకా హారన్లు మోగాయి. పెద్దాయన బయటకు పోయి లారీవాళ్ళతో, "ఆగండప్పా, లోపల తాంబూలం మారుస్తా ఉండారు" అనడం వినబడింది.

ఆరింటికి రేణుకా నేనూ తెర ముందు కూర్చున్నాం. ఏరివేత మొదలైంది. పాత వెయ్‌బ్రిడ్జి ఫోటోలు కొన్ని, పాత ఓడ పత్రాలు కొన్ని పోయాయి. ఆ తర్వాత గేటు కెమెరావి పోవడం మొదలై, ఎర్రకుక్క నిద్ర నెలలకు నెలలు వెళ్ళిపోయింది. ల్యాబు దాకా వచ్చి సాఫ్ట్‌వేర్ దాన్ని దాటిపోయింది. రేణుక లేచి రెండు గ్లాసుల్లో ఆ రోజు పరీక్షకు తెచ్చిన గుజ్జు పోసుకొచ్చింది. అది నియమాలకు విరుద్ధం. తాగాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. ప్రాపర్టీ ఫైలును ఎవరైనా పైనుంచి చదువుతారు, నేను ఆ తర్వాత ఎక్కడికి పోయినా కిందినుంచి చదివాను. రెండోది, పత్రం మీద సంతకం పెట్టేవాళ్ళు వేరు, పెట్టించేవాళ్ళు వేరు. సంతకం కావాలంటే రెండో రకం వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో ముందు తెలుసుకోవాలి.

మరునాడు పొద్దున ఆడిటర్ కంటే ముందే చేరుకుని ఫైలు తెరిచాను. అడుగు వరుస చెక్కుచెదరలేదు. నెత్తిన మాత్రం రాత్రికి రాత్రి పెరిగింది. పెద్దాయన పేరుకు ముందు శ్రీ, వెనక గారు చేరాయి. నడిపాయన పేరు పెద్ద అక్షరాలయింది. శీనప్ప తన పేరు పక్కన ఫోన్ నంబరు పెట్టుకున్నాడు. మళ్ళీ ముగ్గురూ సపోర్టుకు ఫోన్ చేశారన్నమాట. వాటిని ముట్టలేదు. ఆడిటర్ వచ్చి మొదటి విడతల రిపోర్టులు అడిగాడు. రేణుక తెరిచి చూపింది. ఆయన గడియారం ముద్ర చూసి, తలూపి, తర్వాతి విడత అడిగాడు.

నేను ఇంకో మార్పు పత్రం నింపాను. ఇకపై సపోర్టుకు ఎవరు ఫోన్ చేసినా ఆ ఫైలులో చెయ్యి పెట్టనీయకుండా తాళం వేయడానికి. దానికీ మూడు సంతకాలు కావాలి. పత్రం పట్టుకుని పెద్దాయన గది దాటాను, నడిపాయన గది దాటాను, శీనప్ప గదీ దాటాను. నేరుగా వంటశాలకు పోయి, కూరగాయలు తరుగుతున్న అవ్వ చేతికిచ్చాను.